గేమింగ్ లాప్‌టాప్ కొనేటప్పుడు, వేడెక్కినప్పుడు: అపోహలు - వాస్తవాలు

లాప్‌టాప్ సర్వీసింగ్ నా వృత్తి. ఏప్రిల్ వచ్చిందంటే మా బల్ల మీదకి గేమింగ్ లాప్‌టాప్‌లు వరుస కడతాయి. "గేమ్ మధ్యలో ఆగి ఆగి వస్తోంది", "కీబోర్డు మీద చెయ్యి పెట్టలేకపోతున్నా", "ఫ్యాన్ మోతకి ఇంట్లోవాళ్లు తిడుతున్నారు". వాటిలో చాలావరకు లోపలి పార్టు ఏదీ పోయి ఉండదు. కొనేటప్పుడు చూడాల్సింది చూడలేదు, లేదంటే వాడేటప్పుడు గాలి ఆడనివ్వలేదు. ఈఎంఐలు కట్టుకుంటూ బీటెక్ పిల్లలకి లక్ష రూపాయల లాప్‌టాప్ కొనిచ్చే అమ్మానాన్నలు రోజూ కనిపిస్తారు. ఆ డబ్బు వృథా కాకూడదనే ఇది కాస్త వివరంగా రాస్తున్నాను.

ముందు ఒక్క విషయం. లాప్‌టాప్ తీసుకునే కరెంటంతా చివరికి వేడిగానే బయటికి రావాలి. గేమ్ ఆడుతున్నప్పుడు 180 వాట్లు లాగుతోందంటే, 180 వాట్ల వేడి ఆ సన్నటి సందుల్లోంచి వెళ్లిపోవాలి. కింద రాసినవన్నీ ఈ లెక్క మీదే నడుస్తాయి.

అపోహ: "ఆర్‌టీఎక్స్ 4060 ఏ లాప్‌టాప్‌లో ఉన్నా ఒకటే."

వాస్తవం: ఎక్కువమంది డబ్బు పోగొట్టుకునేది ఇక్కడే. ఆర్‌టీఎక్స్ 4060 అంటే ఎన్‌విడియా తయారుచేసే గ్రాఫిక్స్ కార్డు, గేమ్‌లో బొమ్మలు గీసేది అదే. లాప్‌టాప్‌లకి ఇచ్చే 4060ని 35 వాట్ల నుంచి 115 వాట్ల వరకు ఎంతకైనా పరిమితం చేసుకునే వీలు లాప్‌టాప్ కంపెనీలకు ఎన్‌విడియా ఇచ్చింది. పైగా డైనమిక్ బూస్ట్ పేరుతో, ప్రాసెసర్ వాటా నుంచి మళ్లించి ఇంకో 25 వాట్ల దాకా కలుస్తుంది. అంటే ఒకే స్టిక్కర్ అంటించుకున్న రెండు లాప్‌టాప్‌లలో ఒకటి 45 వాట్ల దగ్గరే ఆగిపోవచ్చు, రెండోది 140 దాకా వెళ్లొచ్చు. తక్కువ వాట్ల 4060ని దాని కింది మోడలైన 4050 పూర్తి వాట్లతో దాటిపోవడం వింతేమీ కాదు. ఒకప్పుడు తక్కువ వాట్ల కార్డులకి మ్యాక్స్-క్యూ అని పేరు చివర తగిలించేవాళ్లు. 2021లో 30 సిరీస్ లాప్‌టాప్‌లు వచ్చినప్పుడు ఆ తోక తీసేశారు. అప్పటి నుంచి పేరు చూసి చెప్పడం కుదరదు, స్పెసిఫికేషన్లలో టీజీపీ (కార్డు ఎన్ని వాట్ల దాకా తీసుకోగలదు) అన్న అంకె వెతుక్కోవాల్సిందే.

అలాగని 140 కోసం ఎగబడక్కర్లేదు. 4060లో దాదాపు 100 వాట్లు దాటాక వేగం పెద్దగా పెరగదు, వేడి మాత్రం పెరుగుతుంది. 90 నుంచి 100 వాట్లు ఇచ్చి, చల్లబరిచే ఏర్పాటు బాగున్న లాప్‌టాప్ దొరికితే నేనైతే దానికే ఓటేస్తాను.

షాపులో సేల్స్ కుర్రాడికి టీజీపీ అంటే తెలియకపోతే అడాప్టర్ చూపించమనండి. దాని వెనక అవుట్‌పుట్ అని రాసి ఉన్న చోట వోల్టులు, ఆంప్స్ ఉంటాయి. 20 వోల్టులు, 11.5 ఆంప్స్ అని ఉంటే రెండూ గుణించండి, 230 వాట్లు. పూర్తి స్థాయి 4060కి, దాని పక్కన ప్రాసెసర్‌కి కలిపి 200 నుంచి 230 వాట్ల అడాప్టర్ కావాలి. అదే కార్డు పేరు చెప్పి 120 వాట్ల అడాప్టర్ చేతిలో పెడితే కార్డుని లోపల కట్టేసినట్టే లెక్క. స్టిక్కర్ దాచిన సంగతి అడాప్టర్ బయటపెడుతుంది.

అపోహ: "డెస్క్‌టాప్‌లో ఉండే కార్డే లాప్‌టాప్‌లోనూ ఉంటుంది."

వాస్తవం: పేరు వరకే. డెస్క్‌టాప్ ఆర్‌టీఎక్స్ 4090లో 16,384 కోర్లు, 24 జీబీ మెమరీ, 450 వాట్లు. లాప్‌టాప్ 4090లో 9,728 కోర్లు, 16 జీబీ, బూస్ట్‌తో కలిపినా 175 వాట్లు. డెస్క్‌టాప్ రివ్యూ చూసి లాప్‌టాప్ కొనకండి.

అపోహ: "ఐ9 తీసుకుంటే పదేళ్లు చూసుకోనక్కర్లేదు."

వాస్తవం: ఐ9 ఇంటెల్ ప్రాసెసర్లలో పై వరుసదే, కానీ గేముల్లో ఎక్కువ పని గ్రాఫిక్స్ కార్డుది. హెచ్‌ఎక్స్ రకం పెద్ద ప్రాసెసర్లు కొద్ది సెకన్ల పాటు 150 వాట్ల దాకా లాగగలవు. సన్నటి లాప్‌టాప్‌లో ఆ వేడి, గ్రాఫిక్స్ కార్డు వేడి చాలా మోడళ్లలో ఒకే రాగి గొట్టాల మీదుగా పోవాలి. ప్రాసెసర్ తన వాటా ఎక్కువ తీసుకుంటే కార్డుకి మిగిలేది తక్కువ. అదే బడ్జెట్‌లో మధ్యస్థాయి ప్రాసెసర్లైన ఇంటెల్ ఐ5 లేదా ఏఎండీ రైజెన్ 5 తీసుకుని ఒక మెట్టు పై కార్డుకి వెళ్లడం మేలు. మిగిలిన డబ్బుతో ర్యామ్ రెండు స్టిక్కులుగా 16 జీబీ చేయించుకోండి. ఒక్క స్టిక్కుతో వచ్చే లాప్‌టాప్‌లో గేమ్ ఉన్నట్టుండి తడబడటం చాలామంది వేడి వల్ల అనుకుంటారు. అది ర్యామ్ ఇరుకు.

అపోహ: "రివ్యూలో ప్రాసెసర్ వేడి 78 డిగ్రీలే అన్నారు, నాకు 92 వస్తోంది. పీస్ డిఫెక్టివ్."

వాస్తవం: ఆ రివ్యూ ఏ గదిలో చేశారో చూడండి. అమెరికాలోనో, యూరప్‌లోనో 21, 22 డిగ్రీల గదిలో చేసి ఉంటారు. మే నెలలో రెంటచింతల, రామగుండం వైపు బయట 44, 45 డిగ్రీలు కొడుతుంది, ఏసీ లేని గదిలో 36, 37 ఉంటుంది. ఫ్యాన్ ఎంత తిరిగినా గదిలో ఉన్న గాలినే లోపలికి లాగుతుంది. గది ఎన్ని డిగ్రీలు పెరిగితే లోపలి అంకె కూడా దాదాపు అన్ని డిగ్రీలు పెరుగుతుంది. 78కి 14, 15 కలిపితే వచ్చేది మీ 92. లాప్‌టాప్ బాగానే ఉంది. అందుకే రివ్యూలో డిగ్రీలు చూసేటప్పుడు గది ఉష్ణోగ్రత చెప్పారా లేదా చూసుకుని, మన వేసవికి తగ్గట్టు ఆ తేడా కలుపుకోండి. అంత కలిపినా 95 లోపు ఉండేదే మనకి పనికొచ్చే మోడల్.

 

అపోహ: "90 దాటితే మదర్‌బోర్డు కాలిపోతుంది."

వాస్తవం: లాప్‌టాప్ ప్రాసెసర్ల గరిష్ఠ హద్దు మోడల్‌ని బట్టి 95 నుంచి 110 డిగ్రీలు. గ్రాఫిక్స్ కార్డుకి సుమారు 87. ఆ హద్దు తగలగానే చిప్ తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది. దీన్నే థర్మల్ థ్రాట్లింగ్ అంటారు. గేమ్ మొదటి పది నిమిషాలు వెన్నలా నడిచి తర్వాత కుంటుతోందంటే కారణం చాలాసార్లు ఇదే. కాసేపు 95 కనపడితే టెన్షన్ పడకండి. గంటల తరబడి అక్కడే నిలబడితే మాత్రం పట్టించుకోవాలి. ఆ వేడి పక్కనున్న బ్యాటరీకి, ఎస్‌ఎస్‌డీకి మంచిది కాదు.

అపోహ: "వేడెక్కుతోందంటే థర్మల్ పేస్ట్ మార్చాలి."

వాస్తవం: చిప్‌కీ, దాని వేడిని లాక్కునే హీట్‌సింక్ అనే లోహపు దిమ్మకీ మధ్య పూసేదే థర్మల్ పేస్ట్. విప్పక ముందే ఏది తేడాగా ఉందో చాలావరకు చెప్పొచ్చు. హెచ్‌డబ్ల్యూఇన్ఫో అనే ఉచిత సాఫ్ట్‌వేర్ వేసుకుని, ఇరవై నిమిషాలు గేమ్ ఆడి, అది చూపించే డిగ్రీల అంకె ఎంత వేగంగా పెరిగిందో చూడండి. గేమ్ మొదలైన రెండు మూడు సెకన్లలోనే 60 నుంచి 97కి ఎగిరి, ఆపగానే అంతే వేగంగా పడిపోతే వేడి చిప్ నుంచి హీట్‌సింక్‌లోకి దాటడం లేదు. అది పేస్ట్ సమస్య. అలా కాకుండా పది పదిహేను నిమిషాలు నిదానంగా ఎక్కుతూ పోయి, ఆపాక కూడా దిగడానికి చాలాసేపు తీసుకుంటే, హీట్‌సింక్ దాకా వచ్చిన వేడి బయటికి పోవడం లేదు. అది దుమ్ము, లేదా గాలి అడ్డు. చాలా గ్రాఫిక్స్ కార్డులకైతే హాట్ స్పాట్ (చిప్‌లో అన్నిటికన్నా వేడిగా ఉన్న చోటు) అనే ఇంకో అంకె కూడా ఉంటుంది. అది మామూలు అంకె కన్నా 10, 15 డిగ్రీలు ఎక్కువ ఉండటం సహజం. 25 దాటితే పేస్ట్ ఎండిపోయినట్టో, హీట్‌సింక్ సమంగా కూర్చోనట్టో అనుమానించాలి.

మా దగ్గరికి వచ్చేవాటిలో ఎక్కువగా రెండో రకమే. అడుగు మూత తీసి ఫ్యాన్ చూస్తే రెక్కల మీద కాస్త దుమ్ము తప్ప శుభ్రంగానే కనిపిస్తుంది. ఫ్యాన్ స్క్రూలు తీసి పక్కకి జరిపితే అసలు సంగతి తెలుస్తుంది. ఫ్యాన్‌కీ, రాగి రేకుల వరుసకీ మధ్య దుమ్ము, వెంట్రుకలు, దుప్పటి నూలు కలిసి పాత పరుపులో దూదిలా గట్టిపడి ఉంటుంది. పట్కారుతో పట్టుకుని లాగితే ఒక పట్టీలాగా మొత్తం ఊడొస్తుంది. ఆ ఒక్క పట్టీ తీసేసరికే పది డిగ్రీలు తగ్గిన లాప్‌టాప్‌లు ఉన్నాయి. బయటి నుంచి బ్లోయర్ కొడితే ఇది పోదు, విడిపోయి మళ్లీ ఫ్యాన్ మీదే పడుతుంది. పైగా బ్లోయర్ గాలికి ఫ్యాన్ తట్టుకోలేనంత వేగంతో తిరిగి బేరింగ్ పాడవుతుంది. గాలి కొట్టేటప్పుడు ఫ్యాన్ రెక్కని వేలితోనో బ్రష్‌తోనో పట్టుకోవాలి.

పేస్ట్ నిజంగానే మార్చాల్సి వస్తే రెండు విషయాలు అడగండి. హీట్‌సింక్ స్క్రూల పక్కన 1, 2, 3, 4 అని అంకెలు ముద్రించి ఉంటాయి. బిగించేటప్పుడు ఆ వరుసలో, కొంచెం కొంచెంగా బిగించాలి. ఒక మూల పూర్తిగా బిగించేస్తే రెండో మూల పైకి లేస్తుంది, కొత్త పేస్ట్ వేసినా లాభం ఉండదు. రెండోది, పల్చటి పేస్ట్ వేయించుకోవద్దు. లాప్‌టాప్ చిప్ మీద లోహపు మూత ఉండదు, నేరుగా సిలికాన్ మీదే హీట్‌సింక్ కూర్చుంటుంది. వేడెక్కి చల్లారే కొద్దీ పల్చటి పేస్ట్ పక్కలకి జారిపోతుంది. హనీవెల్ వాళ్ల పీటీఎం 7950 లాంటి ఫేజ్ చేంజ్ షీట్ దొరికితే అదే వేయించండి. సుమారు 45 డిగ్రీల దగ్గర మెత్తబడి చిప్‌కి పట్టుకుంటుంది, ఏళ్ల తరబడి అలాగే నిలుస్తుంది. లిక్విడ్ మెటల్ జోలికి మాత్రం ఇంట్లో వెళ్లకండి. అది కరెంటుని ప్రవహింపజేస్తుంది, అల్యూమినియాన్ని తినేస్తుంది. ఒక్క చుక్క పక్కకి జారితే బోర్డు పోయినట్టే.

అపోహ: "కూలింగ్ ప్యాడ్ కొంటే అన్నీ సర్దుకుంటాయి."

వాస్తవం: మామూలు ప్యాడ్‌తో తగ్గేది మూడు నుంచి ఐదు డిగ్రీలు. లాప్‌టాప్ వెనక భాగాన్ని రెండు పెద్ద ఎరేజర్ల మీద ఎత్తినా దాదాపు అంతే తగ్గుతుంది, ఎందుకంటే గాలి పీల్చుకునే రంధ్రాలు అడుగునే ఉంటాయి. చుట్టూ ఫోమ్ ఉండి గాలిని బిగించి లోపలికి తోసే రకం ప్యాడ్లు ఇంకా బాగా పనిచేస్తాయి, కానీ మోత భరించాలి. హాస్టల్లో మంచం మీద, పరుపు మీద పెట్టి ఆడితే ఏ ప్యాడూ కాపాడదు. నీళ్ల కూలర్‌కి ఎదురుగా పెట్టడం కూడా మానేయండి. తేమకి దుమ్ము రేకులకి అంటుకుంటుంది, విశాఖ, కాకినాడ లాంటి సముద్రపు గాలి ఊళ్లలో తుప్పు కూడా తోడవుతుంది. ఫ్రిజ్‌లో పెట్టి తీసేవాళ్లు కూడా ఉన్నారు. బయటికి తీయగానే లోపల నీటి బిందువులు పడతాయి. దయచేసి ఆ పని చెయ్యకండి.

డబ్బు ఖర్చు కాని పద్ధతులు రెండున్నాయి. ఒకటి, గేమ్ సెట్టింగుల్లో ఫ్రేమ్ రేటుకి, అంటే సెకనుకి గీసే బొమ్మల సంఖ్యకి, హద్దు పెట్టడం. కథ నడిచే గేమ్‌కి 60 చాలు. మెనూ తెర మీద కూడా 300 ఫ్రేములు గీస్తూ లాప్‌టాప్ ఊరికే వేడెక్కుతూ ఉంటుంది. రెండు, విండోస్ పవర్ ఆప్షన్స్‌లో మ్యాగ్జిమమ్ ప్రాసెసర్ స్టేట్‌ని 100 నుంచి 99కి దించడం. దాంతో ప్రాసెసర్ టర్బో (మామూలు వేగాన్ని మించి పరిగెత్తడం) ఆగుతుంది, చాలా లాప్‌టాప్‌లలో పది డిగ్రీలకు పైనే తగ్గుతుంది. ప్రాసెసర్ మీద భారం పడే గేముల్లో ఫ్రేములు తగ్గితే తిరిగి 100 పెట్టుకోండి. ఇంటర్నెట్‌లో చెప్పే అండర్‌వోల్టింగ్ (ప్రాసెసర్‌కి వెళ్లే వోల్టేజీ తగ్గించడం) మంచిదే, కానీ 2019 చివర్లో ప్లండర్‌వోల్ట్ అనే భద్రతా లోపం బయటపడ్డాక చాలా ఇంటెల్ లాప్‌టాప్‌లలో దానికి బయోస్‌లోనే (బోర్డు మీదుండే మూల సాఫ్ట్‌వేర్) తాళం వేశారు.

అపోహ: "ఫ్యాన్ మోత వస్తోందంటే ఏదో పోయింది."

వాస్తవం: గాలి హోరు మంచిదే, వేడి బయటికి పోతోంది. గరగరమని రాసుకున్న శబ్దం వస్తేనే చూపించండి.

అపోహ: "బ్యాటరీ బాగుండాలంటే ఛార్జర్ తీసేసి ఆడాలి."

వాస్తవం: విమానాల్లో అనుమతి హద్దు వల్ల లాప్‌టాప్ బ్యాటరీలు 100 వాట్ అవర్ లోపే ఉంటాయి. 180 వాట్లు లాగే గేమ్‌ని అది మోయలేదు, కాబట్టి కార్డు వేగం బాగా పడిపోతుంది, గంటలోపే ఛార్జ్ కూడా అయిపోతుంది. గేమ్ ఎప్పుడూ ఛార్జర్ పెట్టే ఆడండి, కంపెనీ సాఫ్ట్‌వేర్‌లో ఛార్జింగ్ హద్దు 80 శాతానికి పెట్టుకోండి. బ్యాటరీని తినేది ఛార్జర్ కాదు, వందకి నిండి ఉండటం, వేడి కలిసి రావడం. ఎప్పుడైనా టచ్‌ప్యాడ్ నొక్కుడు పడకపోయినా, పైకి ఉబికినట్టు కనిపించినా, అడుగు మూత బల్ల మీద సమంగా ఆనకపోయినా బ్యాటరీ ఉబ్బి ఉండొచ్చు. వెంటనే ఆఫ్ చేసి ఛార్జర్ తీసేయండి. నొక్కి సరిచేయాలని చూడొద్దు, గుచ్చొద్దు, మళ్లీ ఛార్జింగ్ పెట్టొద్దు. పిల్లలకి, పరుపులకి దూరంగా పెట్టి అదే రోజు సర్వీస్ సెంటర్‌కి తీసుకెళ్లండి.