అది మన బోటేనా?

సాయంత్రం నెల్లూరు జిల్లా ఇసకపల్లి తీరాన కూర్చుంటే దూరంగా ఒక బోటు చుక్కలా కనిపిస్తుంది. మనకది ఉత్త చుక్కే. పక్కనున్న పెద్దాయన మాత్రం కళ్లకు చెయ్యి అడ్డం పెట్టుకుని, "మనది కాదబ్బయ్యా, కడలూరు సోనా బోటు" అనేస్తాడు. లోపల ఎవరున్నారో ఆయనకు తెలియదు. వాలకం, రంగు చూసి చెప్పాడు.

మన ఒంట్లో ఆర్‌ఎన్‌ఏ (జన్యు సమాచారాన్ని మోసే అణువు) మీద కన్నేసి ఉంచే కాపలా కణాలదీ దాదాపు ఇదే పద్ధతి. వైరస్‌ల ఆర్‌ఎన్‌ఏ అయినా మనదైనా రాసేది అవే నాలుగు అక్షరాలతో. రాతంతా చదివే తీరిక కాపలా కణాలకు ఉండదు, అక్షరాల మీది పూత చూస్తాయి. మన కణం ఆర్‌ఎన్‌ఏను తయారుచేశాక ఒకచోట మిథైల్ అనే చిన్న రసాయన గుంపును తగిలిస్తుంది, ఇంకోచోట అక్షరాన్నే తిప్పి పెడుతుంది. ఇలాంటి మార్పులు 150కి పైగా తెలుసు. బ్యాక్టీరియా ఆర్‌ఎన్‌ఏకు ఈ హంగులు బాగా తక్కువ.

పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో కాటలిన్ కారికో, డ్రూ వైస్‌మన్ డెండ్రైటిక్ కణాల (కాపలా కణాల్లో ఒక రకం) మీద రకరకాల ఆర్‌ఎన్‌ఏలు వేసి చూశారు. ఆ ఫలితాలు 2005లో అచ్చయ్యాయి. బ్యాక్టీరియా ఆర్‌ఎన్‌ఏ తగలగానే కణాలు రెచ్చిపోయాయి, క్షీరదాల ఆర్‌ఎన్‌ఏకు పెద్దగా కదల్లేదు. తమాషా ఏంటంటే, మన కణాలకు శక్తినిచ్చే మైటోకాండ్రియా ఆర్‌ఎన్‌ఏ మీదకూ లేచాయి! మైటోకాండ్రియా ఒకప్పటి బ్యాక్టీరియాయే కదా. వంద కోట్ల ఏళ్లకు పైగా మన ఇంట్లో కాపురమున్నా పాత రంగు పూర్తిగా మారలేదన్నమాట.

తర్వాత తాము తయారుచేసిన ఆర్‌ఎన్‌ఏలో యురిడిన్ (ఆ నాలుగు అక్షరాల్లో ఒకటి) బదులు సూడోయురిడిన్ పెట్టారు. కొత్త పరమాణువు ఒక్కటీ చేరలేదు. అక్షరంలోని యురాసిల్ వలయం దానిలోని చక్కెరకు నైట్రోజన్ దగ్గర కాక కార్బన్ దగ్గర అతుక్కుంటుంది, చొక్కా గుండీ పక్క కాజాలో పెట్టినంత తేడా. కణాల గోల చాలావరకు సద్దుమణిగింది. దానికి ఒక మిథైల్ చేర్చిన రూపమే ఫైజర్, మోడర్నా కోవిడ్ టీకాల్లోకి వెళ్లింది. 2023లో ఇద్దరికీ నోబెల్ వచ్చింది. మన దగ్గర ఎక్కువమంది వేయించుకున్న కోవిషీల్డ్, కోవాగ్జిన్ మాత్రం ఇలాంటి ఆర్‌ఎన్‌ఏ టీకాలు కావు. ఇప్పటికీ చాలామంది అన్నిటినీ ఒకే గాటన కట్టేస్తుంటారు.

కరోనా వైరస్ ఇంకో ఆకు ఎక్కువే చదివింది. తన ఆర్‌ఎన్‌ఏ మొదట్లో ఉండే టోపీలాంటి భాగానికి మిథైల్ పూసే ఎంజైమును సొంత జన్యువుల్లోనే రాసుకుని వస్తుంది. మన రంగు వేసుకుని మన రేవులోకి దిగుతుంది.

మరి సొంత బోటుకే రంగు వేయడం మర్చిపోతే? మన జంటపోగుల ఆర్‌ఎన్‌ఏలో అక్కడక్కడా అడినోసిన్ అనే అక్షరాన్ని ఇనోసిన్‌గా మార్చే ఎంజైము పేరు ఏడార్1. దాని జన్యువు చెడితే, ఎండీఏ5 అనే కాపలా ప్రోటీన్ సొంత ఆర్‌ఎన్‌ఏనే వైరస్ అనుకుంటుంది. వైరస్ వచ్చిందని హెచ్చరించే ఇంటర్‌ఫెరాన్ ప్రోటీన్ పొంగి పసిబిడ్డ మెదడు దెబ్బతింటుంది. ఐకార్డీ-గూటియేర్ సిండ్రోమ్ అంటారు దీన్ని. చూడ్డానికి కడుపులో ఉండగానే వైరస్ సోకిన బిడ్డలా ఉంటుంది. పరీక్షలు చేస్తే వైరస్ జాడే ఉండదు.