దిబ్బలో పొగరంగు బూజు

పలమనేరు దగ్గర మన ఊరి నుంచి బుజ్జమ్మకూ, చిన్నోడికీ అవ్వ ఆశీస్సులు.

మొన్న సెలవుల్లో దిబ్బ ఎరువు ట్రాక్టరుకు ఎత్తుతుంటే మీ ముక్కులకు తువ్వాలు కట్టి దూరంగా నిలబెట్టాను. చిన్నోడు అలిగాడు. ఎందుకో పని తొందరలో చెప్పలేకపోయాను.

పార దించగానే ఆవిరి లేచింది కదా, ఆ వేడిలోనే ఒక బూజు హాయిగా బతుకుతుంది. 50 డిగ్రీలైనా తట్టుకుంటుంది. ఇక మన ఒంటి వేడి దానికొక లెక్కా? పేరు ఆస్పర్‌జిల్లస్ ఫ్యూమిగేటస్, పొగరంగుది అని అర్థం. పేడకూ గడ్డికీ మధ్య బూడిద పూసినట్టుంటే బుజ్జమ్మ పుల్లతో గీకబోయింది చూడు, అట్లాంటిదే. దాని తలల మీద గొలుసులు గొలుసులుగా బీజాలుంటాయి. ఒక్కోటి 2, 3 మైక్రాన్లు. వెంట్రుక మందంలో పాతిక పడతాయి. కదిపితే గాలికి లేస్తాయి. రోజూ మనమంతా పీలుస్తూనే ఉంటాం, ఒంట్లో తెల్లకణాలు మింగేస్తాయి. రక్తక్యాన్సర్ ఉన్నవాళ్లకూ, అవయవాలు మార్పించుకున్నవాళ్లకూ, టీబీతో ఊపిరితిత్తుల్లో గుంతలు పడినవాళ్లకూ మాత్రం అది లోపల వేరూనుతుంది.

ఆ బీజాలన్నీ తల్లికి అచ్చు నకళ్లు. 1863లో పేరు పెట్టినప్పటి నుంచి దీనికి జత కట్టడమే తెలియదనుకున్నారు. 2005లో తేలింది, ఇందులోనూ జతకు సరిపడే రెండు రకాలున్నాయని. జతకట్టడం 2009లో వచ్చిన పరిశోధనలో బయటపడింది. ఐర్లండ్‌లోని డబ్లిన్ గాలిలో దొరికిన ఆ రెండింటినీ ఓట్స్ కలిపిన జిగురు మీద ఎదురెదురుగా పెంచి, 30 డిగ్రీల దగ్గర చీకట్లో ఆరు నెలలు కదపకుండా ఉంచారు. రెండూ కలిసినచోట చిన్న చిన్న ఉండలు కట్టాయి. వాటిలో సంచులు, ఒక్కో సంచిలో ఎనిమిదేసి బీజాలు. ఇవి నకళ్లు కావు, ఇద్దరి గుణాలూ కలగలిసిన పిల్లలు. ఆరు నెలల ఓపిక! నాకు ఎంతో ముచ్చటేసింది.

భయమూ వేసింది. పైరుకు కొట్టే బూజు మందుల్లో కొన్నీ, ఆస్పత్రిలో ఈ జబ్బుకిచ్చే మందూ ఒకే జాతివి, అజోల్స్ అంటారు. పొలంలో మందుకు చావని బూజు మరోదానితో జతకడితే ఆ మొండితనం పిల్లలకూ రావచ్చు. ఆపైన నకళ్ల బీజాలు గాలినెక్కి ఊళ్లు దాటుతాయి. నెదర్లాండ్స్‌లో బయటపడిన మొండి రకం మన దేశంలో రోగుల్లోనూ, మట్టిలోనూ కనబడింది.

పెద్దతాతకు వయసులో టీబీ వచ్చి తగ్గింది. అందుకే ఆయన్ని దిబ్బ దాపులకు రానివ్వను. ఈసారి నీళ్లు చల్లి తవ్విస్తాను. అంత సన్న బీజాలకు తువ్వాలు చాలదు, వచ్చేటప్పుడు తిరుపతిలో మంచి మాస్కులు కొనుక్కురండి, ఎరువెత్తే వాళ్లకూ కలిపి.

మీ అవ్వ