గేమ్స్ పీరియడ్ దండగ కాదు: ఒక పీఈటీ మాస్టారి మాట

శ్రీకాకుళం జిల్లాలో ఒక జెడ్పీ హైస్కూల్లో పీఈటీగా, అంటే ఆటల మాస్టారిగా చేస్తున్నాను. జూన్‌లో బడి తెరిస్తే చాలు, ఇంటి పెద్దల నోట ఏటా ఇవే మాటలు.

అపోహ: టెన్త్‌కి వచ్చాక ఆటలు మానేయాలి.
5 నుంచి 17 ఏళ్ల పిల్లలు రోజుకి సగటున 60 నిమిషాలు ఒళ్లు అలిసేలా కదలాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది, అందులో టెన్త్ పిల్లలకి మినహాయింపేమీ లేదు. పొద్దున్న స్టడీ అవర్, సాయంత్రం స్టడీ అవర్, మధ్యలో ఉన్న ఒక్క గేమ్స్ పీరియడ్ కూడా లెక్కలకి ఇచ్చేస్తే ఆ పిల్లాడు ఇంకెప్పుడు ఆడతాడండీ?

అపోహ: పెద్దమనిషి అయిన పిల్ల గ్రౌండ్‌లోకి దిగకూడదు.
నన్ను అన్నిటికంటే బాధపెట్టేది ఇదే. నిన్నటిదాకా ఖోఖోలో ఎవరికీ దొరక్కుండా పరిగెత్తిన పిల్ల, తొమ్మిదో తరగతికి వచ్చేసరికి వేపచెట్టు కింద చున్నీ సర్దుకుంటూ కూర్చుంటుంది. నేను ముగ్గుపిండితో కోర్టు గీస్తుంటే కళ్లు ఆ గీత వెంటే తిరుగుతాయి. ఏమ్మా అంటే, "ఇంట్లో వద్దన్నారు మాస్టారూ." నెలసరిలో ఆడితే గర్భసంచి జారిపోతుందని ఇప్పటికీ భయపడే ఇళ్లున్నాయి. అలాంటిదేమీ జరగదు. నొప్పి ఎక్కువుంటే ఆ రోజు కూర్చోనివ్వండి, ఓపికుంటే ఆడనివ్వండి, కాస్త కదిలితే నొప్పి తగ్గేవాళ్లే చాలామంది. నాలుగడుగులకే ఆయాసపడుతుంటే మాత్రం ఆట మాన్పించడం కాదు, రక్తం తక్కువుందేమో పీహెచ్‌సీలో పరీక్ష చేయించండి, బడిలో ఇచ్చే ఐరన్ మాత్ర పారేయకుండా మింగుతోందో లేదో అడగండి.

అపోహ: బరువులెత్తితే పొడుగు పెరగరు.
కోచ్ కళ్లెదుట, వయసుకి తగ్గ బరువుతో చేస్తే ఎదుగుదల ఆగిపోతుందనడానికి ఆధారం లేదు. పంతానికి పోయి ఎత్తితే నడుము పట్టేస్తుంది, అది నిజమే. 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో వెయిట్‌లిఫ్టింగ్ 69 కిలోల విభాగంలో కాంస్యం గెలిచి, ఒలింపిక్ పతకం తెచ్చిన తొలి భారతీయ మహిళ అయిన కరణం మల్లీశ్వరి మన ఆమదాలవలస దగ్గర ఊసవానిపేటలో పెరిగింది. విజయనగరం వైపు కొండవెలగాడ అమ్మాయి మత్స సంతోషి 2014 గ్లాస్గో కామన్వెల్త్ క్రీడల్లో పతకం తెచ్చింది. రెండూ పల్లెలే.

అపోహ: పౌడర్ డబ్బాలు కొంటేనే ఆటకి బలం.
అక్కర్లేదు. గుడ్డు, పల్లీ చిక్కీ, పప్పన్నం, ఇంట్లో చోడి (రాగి) అంబలి చాలు. నీళ్లు మాత్రం దండిగా తాగించండి.

అపోహ: సెలెక్ట్ కానివాడికి ఆటలెందుకు?
కబడ్డీ బరిలోకి దిగేది ఏడుగురు. మరి మిగతా బడి అంతా చప్పట్లు కొట్టడానికేనా? కొత్తలో నేనూ టీమ్ పిల్లల్నే పట్టించుకునేవాణ్ణి, అది తప్పు. ఇప్పుడు ముందు అందరికీ ఆట, ఆ తర్వాతే టీమ్ ప్రాక్టీసు. లావుగా ఉన్నాడని ఎవరూ జట్టులోకి పిలవని ఏడో తరగతి బాబు చేతికి ఒకరోజు టెన్నికాయిట్ ఆడే రబ్బరు రింగు ఇచ్చాను. మొదటి వారమంతా పట్టుకోలేక వదిలేస్తూనే ఉన్నాడు. ఇప్పుడు గేమ్స్ పీరియడ్ బెల్లు ఇంకా మోగుతుండగానే సామాన్ల గది తలుపు దగ్గర నిలబడి, రింగు కోసం చెయ్యి చాపుతాడు.