దాచిన డబ్బా ఎవరి బాధ్యత? జియోక్యాష్ నిర్వహణపై అపోహలు - వాస్తవాలు

జియోక్యాషింగ్ అంటే ఒకరు డబ్బా దాచి దాని జీపీఎస్ అంకెలను వెబ్‌సైటు పేజీలో పెడితే, మిగతావాళ్లు వెతికి లోపలి లాగ్‌బుక్కులో సంతకం చేసే ఆట. ఆ డబ్బాయే క్యాష్, దాచినవాళ్లే ఓనరు. ఒక క్యాష్ పేజీ మీద రెంచి గుర్తు, అంటే బాగుచెయ్యాలనే సూచన, పడి నెలలు గడిచాయి. డబ్బాలో నీళ్లు చేరాయి, లాగ్‌బుక్కు ముద్దయిపోయింది, చివరి నలుగురూ "దొరకలేదు" అని రాసి వెళ్లారు. అలాంటి క్యాష్‌ను చూడగానే ఓనరుకు శ్రద్ధ లేదని అనేస్తాం. చాలాసార్లు శ్రద్ధ ఉంటుంది, కానీ ఏ పని ఎప్పుడు చెయ్యాలో తప్పుగా తెలిసి ఉంటుంది. అలా తప్పుగా తెలిసే విషయాలను ఇక్కడ ఒక్కొక్కటిగా తీసుకుంటున్నాం. నియమాల మాట వచ్చినచోట అవి జియోక్యాషింగ్ డాట్ కామ్‌వి.

అపోహ: రివ్యూయర్ ప్రచురించాక క్యాష్ వెబ్‌సైటుదే.

వాస్తవం: వెబ్‌సైటుది పేజీ మాత్రమే, డబ్బా మీది. రివ్యూయర్లు జీతం లేకుండా పనిచేసే స్వచ్ఛంద సభ్యులు. పక్క క్యాష్ డబ్బాకు కనీసం 161 మీటర్ల దూరం ఉందా, ఆ చోట దాచడానికి అనుమతి ఉందా, నియమాలకు విరుద్ధంగా ఏమైనా ఉందా అని వాళ్లు మ్యాపులోనూ మీరు రాసినదాంట్లోనూ చూస్తారు. చోటుకు వెళ్లి మూత బిగించి చూడరు. నిర్వహణకు మీరు ఒప్పుకున్నది పేజీని సమర్పించినప్పుడే.

విహారయాత్రలో దాచిన క్యాష్‌లను సాధారణంగా తిరస్కరించడానికి కారణం కూడా ఇదే. డబ్బా తడిసిందని తెలిసిన వారంలోనే మీరు అక్కడికి వెళ్లగలరా? వెళ్లలేకపోతే, దగ్గర్లో ఉండి చూసుకుంటానని ఒప్పుకున్న మనిషి ఉండాలి. ఆ ఏర్పాటును సమర్పించేటప్పుడే రివ్యూయర్‌కు రాయాలి.

అపోహ: డబ్బా మీద "వాటర్‌ప్రూఫ్" అని ఉంది కాబట్టి లోపలికి నీళ్లు రావు.

వాస్తవం: క్యాష్‌లు పాడవడానికి అన్నిటికన్నా పెద్ద కారణం నీళ్లే, అవి ఒక్క దారిలో రావు.

మొదటి దారి మూత. వెతికినవాళ్లు తొందరలో మూసేటప్పుడు జిప్ సంచి అంచో, ఒక ఎండుటాకో, నాలుగు ఇసుక రేణువులో రబ్బరు రింగు కింద ఇరుక్కుంటాయి. వెంట్రుకంత సందు చాలు. రెండోది ఉష్ణోగ్రత. పగటి ఎండకు లోపలి గాలి వ్యాకోచించి కొంత బయటికి పోతుంది. రాత్రి చల్లబడ్డాక లోపల పీడనం తగ్గుతుంది. అప్పుడు మూత అంచున వాన తడి ఉంటే డబ్బా ఆ తడిని లోపలికి పీల్చుకుంటుంది. మూడోది, తేమ గాలిలో తెరిచి మూసిన డబ్బా: లోపల చిక్కిన ఆవిరే తెల్లవారేసరికి గోడలకు చుక్కలు కడుతుంది. ఇక నాలుగోది ప్లాస్టిక్ వయసు. ఎండ తగిలే చోట రెండు మూడేళ్లకే క్లిప్పుల మడతలు పెళుసుబారి విరుగుతాయి. నాలుగు క్లిప్పుల్లో ఒకటి పోయినా ఆ డబ్బా పని అయిపోయినట్టే.

అందుకే దాచే ముందు ఒక పరీక్ష చెయ్యండి. లోపల టిష్యూ కాగితం పెట్టి మూత బిగించి, డబ్బాను గోరువెచ్చని నీళ్లలో పావుగంట ఉంచండి. ఆ వెంటనే చల్లటి నీళ్ల బకెట్‌లో బరువు పెట్టి ముంచి 24 గంటలు వదిలెయ్యండి. పగటి వేడి, రాత్రి చలి, వాన మూడింటికీ ఇది నకలు. టిష్యూకు చెమ్మ తగిలితే ఆ డబ్బా దాచడానికి పనికిరాదు.

రకాల విషయానికొస్తే, పాత ఫిల్మ్ డబ్బీ మూత వానకు ఆగదు. ఎన్నిసార్లు చెప్పినా దాన్నే దాస్తున్నారు కాబట్టి మళ్లీ చెబుతున్నాం: వద్దు. శీతల పానీయాల సీసాగా ఊదకముందు ఉండే మందపాటి పెట్ గొట్టం, దాన్ని ప్రీఫామ్ అంటారు, మరమూతతో మైక్రోకు, అంటే చాలా చిన్న క్యాష్‌కు, చక్కగా సరిపోతుంది. లాగ్ కాగితం చుట్టి లోపలికి జార్చొచ్చు. పెద్ద క్యాష్‌కు రబ్బరు గాస్కెట్ ఉన్న లోహపు తూటాల పెట్టె ఇప్పటికీ సాటిలేనిది. అయితే దాని మీద సైనిక గుర్తులు కనిపించకుండా పూర్తిగా రంగు వెయ్యాలి, బయట "జియోక్యాష్" అని స్పష్టంగా రాయాలి. రెండు చివరలా మూతలున్న పీవీసీ గొట్టాన్ని, మొత్తం టేపు చుట్టిన పొట్లాన్ని ఎవరైనా చూస్తే బాంబని భయపడతారు, పోలీసులు వస్తారు. వాటి జోలికి పోవద్దు.

రింగు ఎండి పగుళ్లు కనిపిస్తే మార్చండి. రబ్బరు రింగుకు సిలికాన్ గ్రీజు పలుచగా రాస్తే మెత్తగా ఉంటుంది. రింగే సిలికాన్‌దైతే ఆ గ్రీజు రాయకూడదు, ఉబ్బిపోతుంది. అయస్కాంతాలనూ చూడండి. నియోడిమియం రకం పైపూత లేచిన చోట తుప్పు మొదలై, కొన్నాళ్లకు పొడిపొడిగా రాలుతుంది.

అపోహ: సిలికా జెల్ పొట్లం, రెండు జిప్ సంచులు పెడితే లాగ్‌బుక్కు పొడిగానే ఉంటుంది.

వాస్తవం: సిలికా జెల్ తన బరువులో మూడో వంతు దాకా నీటిని పట్టగలదు, అంతే. డబ్బాలోకి గాలి వస్తూ పోతూ ఉంటే అది కొద్ది రోజుల్లో నిండిపోతుంది, ఆపైన ఉత్త తడి పొట్లం. బాగా బిగిసే డబ్బాలో, ప్రతి సందర్శనలో మారుస్తూ ఉంటేనే దానికి అర్థం. జిప్ సంచి కూడా రెండువైపులా పనిచేస్తుంది. తడి లాగ్‌బుక్కును అందులో పెడితే ఆ తడి బయటికి పోదు. చెరువు గట్టున, వాగు పక్కన ఉన్న క్యాష్‌కు నీటిని తట్టుకునే కాగితమే మేలు.

పెన్ను కాదు, పెన్సిలే పెట్టండి. సిరా చలికి రాయదు, తడికి పాకుతుంది, ఎండకు కారుతుంది. గ్రాఫైట్‌కు ఈ మూడు బాధలూ లేవు. మైక్రోలో పెన్సిల్‌కు చోటు లేకపోతే "రాయడానికి తెచ్చుకోండి" అని పేజీలో రాసెయ్యండి.

లోపలి వస్తువుల గురించి ఒక్క మాట. 2000 మే 3న డేవ్ ఉల్మర్ ఒరెగాన్‌లో దాచిన మొట్టమొదటి క్యాష్ బకెట్‌లో చిక్కుడు గింజల టిన్ను కూడా ఉండేది. ఇప్పుడు తిండి పదార్థాలు నిషిద్ధం. వాసనకు జంతువులు డబ్బాను కొరికి చీలుస్తాయి. వాసన సబ్బులు, చాక్లెట్లు, ఎవరో వదిలిన క్యాండీలు కనిపిస్తే తీసెయ్యడం ఓనరు పనే.

అపోహ: ఎవరైనా ఫిర్యాదు చేస్తేనే వెళ్లాలి.

వాస్తవం: ఇన్ని రోజులకోసారి వెళ్లాలనే అంకె నియమాల్లో లేదు, అప్పుడప్పుడూ వెళ్లాలని మాత్రం ఉంది. మేం పాటించమని చెప్పే లెక్క ఇది: జనం తిరిగేచోట మైక్రోకు రెండు మూడు నెలలకోసారి, మారుమూల గుట్ట మీది పెద్ద పెట్టెకు ఏడాదికి రెండుసార్లు. గాలివాన, వరద, కార్చిచ్చు తర్వాత విడిగా ఒకసారి. కొత్త క్యాష్‌కైతే మొదటి పదిమంది వెతికి వెళ్లాక తప్పకుండా. డబ్బా ఉన్నచోటుకే తిరిగి చేరుతోందా, అడుగు పక్కకు జరిగిందా, నడిచేవాళ్లు గడ్డిలో కొత్త దారి పడేశారా అన్నవి అప్పుడే బయటపడతాయి.

వెళ్లేటప్పుడు సంచిలో ఉండాల్సినవి: సరిపడా కొలతకు కత్తిరించిన కొత్త లాగ్, చెక్కిన రెండు పెన్సిళ్లు, అదనపు రింగు లేదా మూత, పొడిగుడ్డ, సిలికాన్ గ్రీజు, జిప్ సంచులు, కొత్త లేబులు, అదే రకం డబ్బా మరొకటి. ఆఖరుది లేకుండా వెళ్తే రెండోసారి వెళ్లాల్సి వస్తుంది.

అపోహ: "దొరకలేదు" అంటే వెతకడం రాలేదని.

వాస్తవం: కఠినత (వెతకడం ఎంత కష్టమో 1 నుంచి 5 దాకా చెప్పే అంకె) 4, 5 ఉన్న క్యాష్‌కు వరసగా అయిదు డీఎన్ఎఫ్‌లు (పేజీలో పెట్టే "దొరకలేదు" లాగ్‌లు) పడినా ఆశ్చర్యం లేదు. కఠినత 1.5 క్యాష్‌కు వందల క్యాష్‌లు దొరకబుచ్చుకున్నవాళ్లు ఇద్దరు వరసగా డీఎన్ఎఫ్ రాశారంటే డబ్బా పోయే ఉంటుంది, వెళ్లి చూడండి. వెబ్‌సైటులోని హెల్త్ స్కోరు కూడా డీఎన్ఎఫ్‌లనూ ఫిర్యాదులనూ కఠినతతో కలిపే తూస్తుంది. స్కోరు పడిపోతే మెయిల్ వస్తుంది. అది శిక్ష కాదు, ఒకసారి చూసి రమ్మనే పిలుపు. డబ్బా క్షేమంగా ఉంటే ఆ మాటే పేజీలో లాగ్‌గా రాయండి.

అపోహ: "ఓనర్ మెయింటెనెన్స్" లాగ్ రాసి రెంచి గుర్తు పోగొడితే పని పూర్తయినట్టే.

వాస్తవం: ఇంట్లో కూర్చుని ఆ లాగ్ రాయడం అబద్ధం చెప్పడమే. దాన్ని నమ్మి ఎవరో ఎంతో దూరం నుంచి బయల్దేరతారు.

సరైన వరస ఇది. ఇంతకుముందు "నీడ్స్ మెయింటెనెన్స్" అన్నదాన్నే ఇప్పుడు "ఓనర్ అటెన్షన్ రిక్వెస్టెడ్" అంటున్నారు. వెతికినవాళ్లు పెట్టే ఆ ఫిర్యాదు రాగానే సమస్య పెద్దదైతే, అంటే డబ్బా పోయినా, పగిలినా, చోటు మూతపడినా, క్యాష్‌ను తాత్కాలికంగా డిసేబుల్ చేసి కారణం రాయండి. లాగ్ కాగితం నిండిపోవడం లాంటి చిన్నదైతే డిసేబుల్ అక్కర్లేదు. తర్వాత వెళ్లి బాగుచెయ్యండి. ఏం మార్చారో "ఓనర్ మెయింటెనెన్స్" లాగ్‌లో రాయండి, రెంచి గుర్తు దానితోనే పోతుంది. చివర ఎనేబుల్ చెయ్యండి. మెయింటెనెన్స్ లాగ్ రాసి ఎనేబుల్ మరిచిపోయేవాళ్లు, ఎనేబుల్ చేసి లాగ్ మరిచిపోయేవాళ్లు చాలామంది. రెండూ వేర్వేరు పనులు.

డిసేబుల్‌లో ఉంచడానికి మామూలు గడువు 4 వారాలు. అంతకు మించితే ఎందుకు ఆలస్యమో, ఎప్పటికి అవుతుందో పేజీలో రాస్తూ ఉండండి. ఏమీ రాయకపోతే రివ్యూయర్ ఆర్కైవ్ చేస్తారు, అంటే పేజీని మూసేస్తారు. నిర్వహణ లేక ఆర్కైవ్ అయినదాన్ని సాధారణంగా తిరిగి తెరవరు.

అపోహ: వెతికినవాళ్లే కొత్త డబ్బా పెట్టేస్తే ఓనరుకు సాయం.

వాస్తవం: తడిసిన లాగ్ పక్కన పొడి కాగితం పెట్టడం సాయం. డబ్బా కనిపించలేదని తన జేబులోని డబ్బీ పెట్టి "దొరికింది" అని రాసుకోవడాన్ని త్రోడౌన్ అంటారు, అది సాయం కాదు. అసలు డబ్బా అంగుళం లోతు పగుల్లో భద్రంగానే ఉండొచ్చు. అప్పుడు ఒకే క్యాష్‌కు రెండు డబ్బాలు, రెండు లాగ్‌లు అవుతాయి. కఠినత 4 క్యాష్ కాస్తా రాయి ఎత్తితే కనిపించేదైపోతుంది. ఓనరుగా మీకు తెలిస్తే ఆ రెండోదాన్ని తీసెయ్యండి. ఎవరైనా ముందే అడిగి మీరు సరేనంటే, కొత్త డబ్బా బాధ్యత ఆ క్షణం నుంచి మీదే.

అపోహ: నిర్వహణ అంటే డబ్బా పనే, పేజీతో పని లేదు.

వాస్తవం: ఆరుబయట ఫోన్ జీపీఎస్ సుమారు 5 మీటర్ల లోపు చూపిస్తుంది, చెట్ల కింద, గోడల మధ్య ఇంకా తప్పుతుంది. "పది మీటర్ల పక్కన దొరికింది" అని ముగ్గురు రాస్తే అంకెలు మార్చాల్సిందే. వేర్వేరు రోజుల్లో కొలిచి సగటు తీసుకోండి. 161 మీటర్ల లోపు మార్పును ఓనరే పేజీలో చెయ్యొచ్చు, అంతకు మించితే రివ్యూయర్‌ను అడగాలి. వెళ్లకుండానే "దొరికింది" అని రాసేవాళ్ల లాగ్‌లను కాగితం మీది సంతకాలతో పోల్చి తొలగించడం కూడా మీ పనే. అందుకే నిండిన పాత లాగ్‌బుక్కును పారెయ్యకండి. డబ్బాలో లేని ట్రావెల్ బగ్ (క్యాష్ నుంచి క్యాష్‌కు తిరిగే నంబరు బిళ్ల) ఇంకా జాబితాలో కనిపిస్తుంటే "మిస్సింగ్" అని గుర్తు పెట్టండి. లేకపోతే దానికోసమే వచ్చేవాళ్లు నిరాశపడతారు.

అపోహ: చెట్టుకు కట్టిన డబ్బాతో చెట్టుకేం కాదు.

వాస్తవం: కాండం లావెక్కేకొద్దీ బిగించిన తీగ బెరడులోకి దిగుతుంది. చుట్టూ తెగితే ఆకుల్లో తయారైన ఆహారం వేళ్లకు అందదు. మేకులు, స్క్రూలు కొట్టడానికి అసలే వీల్లేదు. తీగ బదులు కొక్కెం మీద వేలాడదీసి, వెళ్లిన ప్రతిసారీ కొమ్మ మార్చండి.

అపోహ: ఆర్కైవ్ నొక్కితే బాధ్యత తీరింది.

వాస్తవం: ఆర్కైవ్ అయ్యేది పేజీ మాత్రమే, డబ్బా అక్కడే చెత్తగా మిగులుతుంది. ఇకపై చూసుకోలేమనుకుంటే, క్యాష్ నడుస్తున్నప్పుడే ఇంకొకరికి దత్తత ఇవ్వొచ్చు. ఇచ్చేవాళ్లు, పుచ్చుకునేవాళ్లు ఇద్దరూ వెబ్‌సైటులో ఒప్పుకోవాలి. పుచ్చుకునేవాళ్లను ముందు డబ్బా దగ్గరికి తీసుకెళ్లి చూపించండి. ఎవరూ దొరక్కపోతే పేజీని ఆర్కైవ్ చేసి, డబ్బాతోపాటు తీగ, కొక్కెం, అయస్కాంతం, మల్టీ క్యాష్ (ఒక చోటు నుంచి మరో చోటుకు దారి చూపే క్యాష్) అయితే మధ్య మజిలీల్లోని ట్యాగులు అన్నీ ఏరి తెచ్చెయ్యండి. లోపల ట్రావెల్ బగ్‌లు ఉంటే వేరే క్యాష్‌కు చేర్చండి. తర్వాత పేజీలో "డబ్బా తీసేశాం" అని ఒక నోట్ రాయండి. ఆ చోట కొత్తది దాచాలనుకునేవాళ్లు ముందుగా వెతికేది ఆ మాట కోసమే.