కౌంట్ సున్నా వచ్చింది, సర్జరీలో శుక్రకణాలు దొరుకుతాయా? అపోహలు - వాస్తవాలు

అపోహ: వీర్య పరీక్ష రిపోర్టులో ‘నిల్’ అని ఉంటే వృషణంలోనూ ఏమీ ఉండదు.

వాస్తవం: ముందు ఆ ‘నిల్’ నిజమో కాదో తేలాలి. కనీసం రెండుసార్లు పరీక్ష చేసి, శాంపిల్‌ను సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి అడుగున చేరినదాన్ని కూడా వెతకాలి. వృషణాల సైజు, ఎఫ్‌ఎస్‌హెచ్ (శుక్రకణాల తయారీని నడిపే హార్మోన్; తయారీ దెబ్బతింటే ఇది పెరుగుతుంది) మామూలుగా ఉండి, వీర్యం పరిమాణం బాగా తక్కువగా, ఆమ్లగుణంతో ఉంటే నాళాల్లో అడ్డంకిని అనుమానించాలి. శుక్రనాళం పుట్టుకతోనే లేకపోతే డాక్టర్ వేళ్లతో తడిమితే తెలిసిపోతుంది. అడ్డంకి ఉన్నవాళ్లలో దాదాపు అందరికీ శుక్రకణాలు దొరుకుతాయి, చాలాసార్లు సూదితోనే. చిక్కంతా తయారీలోనే లోపం ఉన్నవాళ్లతో.

అపోహ: ఎఫ్‌ఎస్‌హెచ్ 30 దాటింది, వృషణాలు చిన్నవి. ఇక ఆశ లేదు.

వాస్తవం: ఎఫ్‌ఎస్‌హెచ్ వృషణం మొత్తం తీరును చెబుతుంది. మనకు కావాల్సింది ఏదో ఒక మూల పనిచేస్తున్న కొద్దిపాటి నాళికలు, అంటే శుక్రకణాలు తయారయ్యే సన్నని గొట్టాలు. క్లైన్‌ఫెల్టర్ (మగవారిలో ఒక ఎక్స్ క్రోమోజోమ్ అదనంగా ఉండే స్థితి) ఉన్నవారి వృషణాలు చాలా చిన్నవి, ఎఫ్‌ఎస్‌హెచ్ బాగా ఎక్కువ. అయినా మైక్రో టీసేలో (మైక్రోస్కోప్ కింద వృషణంలో శుక్రకణాలను వెతికి తీసే సర్జరీ) 40-50 శాతం మందికి దొరుకుతున్నాయి. దీనికి తిరగబడిన కేసులూ ఉన్నాయి: కణాల ఎదుగుదల మధ్యలోనే ఆగిపోయినవారిలో ఎఫ్‌ఎస్‌హెచ్, సైజు రెండూ చక్కగా ఉండి, సర్జరీలో చేతికి ఏమీ రాకపోవచ్చు. అందుకే ‘హార్మోన్లు నార్మల్, తప్పక దొరుకుతాయి’ అన్న మాటనూ నమ్మొద్దు.

అపోహ: జన్యు పరీక్షలు దండగ ఖర్చు.

వాస్తవం: ముందుగానే ‘వద్దు’ అని గట్టిగా చెప్పగలిగేది దాదాపు ఇదొక్కటే. వై క్రోమోజోమ్‌లో శుక్రకణాల తయారీకి అవసరమైన ఏజెడ్‌ఎఫ్-ఎ లేదా ఏజెడ్‌ఎఫ్-బి భాగం పూర్తిగా పోయి ఉంటే కోత పెట్టడం అనవసరం. ఏజెడ్‌ఎఫ్-సి మాత్రమే పోతే సుమారు సగం మందికి దొరుకుతాయి, కానీ పుట్టే మగపిల్లలకూ అదే లోపం వెళుతుంది. క్యారియోటైప్‌ (క్రోమోజోమ్‌ల సంఖ్య, ఆకృతి చూసే పరీక్ష) కూడా ఇప్పుడే చేయించాలి.

అపోహ: టెస్టోస్టిరాన్ ఇంజెక్షన్లతో అవకాశం పెరుగుతుంది.

వాస్తవం: తగ్గుతుంది. బయటి హార్మోన్ అందగానే మెదడు అడుగున ఉండే పిట్యూటరీ గ్రంథి తన సంకేతాలు ఆపేస్తుంది, వృషణంలో తయారీ పడిపోతుంది. జిమ్‌లో వేసుకున్నవాటికీ ఇదే లెక్క. ఆ సంగతి దాచకుండా చెప్పండి. ఆపాక కోలుకోవడానికి నెలలు పడుతుంది, ఎందుకంటే ఒక్క విడత శుక్రకణాల తయారీకే సుమారు 74 రోజులు.

అపోహ: శుక్రకణాలు దొరుకుతాయో లేదో కంప్యూటర్ లెక్కగట్టి కచ్చితంగా చెప్పేస్తుంది.

వాస్తవం: అది ఇచ్చేది శాతం మాత్రమే, అదీ ఏ సెంటర్ రోగుల డేటాతో తయారైందో అక్కడి మాట. మైక్రోస్కోప్‌ కింద లావుగా, తెల్లగా కనిపించే నాళికలను ఏరే సర్జన్ చెయ్యి, ఆ తునకల్లో గంటల తరబడి వెతికే ఎంబ్రియాలజిస్టు ఓపిక అందులో లెక్కకు రావు. డేట్ తీసుకునే ముందు రెండు విషయాలు అడగండి: దొరికితే అప్పుడే ఫ్రీజ్ చేస్తారా? భార్య అండాలు అదే రోజు తీసి, శుక్రకణాలు దొరక్కపోతే ఆ అండాలను ఏం చేస్తారు?