వాగు పక్క మడి ఎందుకు బీడు పెట్టానంటే

బుజ్జీ, చింటూ,

పోయిన సెలవుల్లో బీరువా సర్దుతూ బుజ్జి అడిగిన ప్రశ్నకు నేను సరిగ్గా జవాబు చెప్పలేదు. "తాతా, నీ భూసార కార్డులో అంతా బాగానే ఉందిగా, మరి వాగు పక్క మడి ఎందుకు బీడు పెట్టావు?" అంది. ఒక్క మాటలో తేలేది కాదని ఉత్తరం రాస్తున్నా.

మన నక్కవాగు పోయి మంజీరలో కలుస్తుంది. 1970ల్లో పటాన్‌చెరులో ఫ్యాక్టరీలు మొదలయ్యాయి. మందుబిళ్లలకు కావాల్సిన ముడి రసాయనాలు, పురుగుమందులు, ఇంకా ఏవేవో. వాటి మురుగు వాగులోకి వచ్చేది. మేం ఆ వాగుకే మోటారు పెట్టి వరి పారించాం. నాట్లకు దిగితే పిక్కలు మండేవి. బర్రెలు వాగు దాకా పోయి, మూతి పెట్టి చూసి, తాగకుండా మళ్లేవి. వాటికి తెలిసింది మాకు ఇంకో రెండేళ్లకు గానీ తెలియలేదు.

ఒక ఎండాకాలం మడి ఎండాక గట్ల మీద సున్నం చల్లినట్టు తెల్లటి పొర తేలింది. గోటితో గీకి నాలుక మీద వేసుకున్నా. (మీరు మాత్రం ఈ పని చేయకండి.) ఉప్పగా, వెనకాలే చేదుగా ఉంది.

అమ్మమ్మ ఆవకాయ పెట్టేటప్పుడు చూశారుగా? ముక్కలకు ఉప్పు పట్టించి జాడీలో పెడితే మూడో రోజుకు ఊట ఊరుతుంది. బయట ఉన్న ఉప్పు ముక్కలోని నీళ్లను లాగేస్తుంది. వరి వేళ్లకూ అదే జరిగింది. మడి నిండా నీళ్లున్నా పైరు దాహంతో ఎండింది. ఆ ఏడు నారు ఆకుల కొసలు మాడిపోతుంటే నేను తెగులనుకుని మందు కొట్టాను, డబ్బులు దండగ.

ఉప్పు ఇంకా నయం. నాలుగు మంచి వానలు పడితే కొంత కడుక్కుపోతుంది. లోహాలు అలా పోవు. మనది నల్లరేగడి. ఆ బంకమట్టి రేణువులకు ఋణావేశం ఉంటుంది, సీసం, రాగి, నికెల్ లాంటివి ధనావేశంతో వచ్చి వాటికి అతుక్కుంటాయి. పేడ కుళ్లి ఎరువవుతుంది, ఆకు కుళ్లి మట్టవుతుంది. సీసం మాత్రం ఎన్నేళ్లున్నా సీసమే. హైదరాబాద్‌లోని ఎన్‌జీఆర్‌ఐ (జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ) శాస్త్రవేత్తలు మన పటాన్‌చెరు మట్టిని పరీక్షించి క్రోమియం, సీసం, ఆర్సెనిక్ లాంటివి ఉండాల్సిన దానికన్నా ఎక్కువున్నాయని తేల్చారు.

1990లో ఈ మురుగు మీద కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. మన డాక్టర్ అల్లాని కిషన్‌రావు గారు రైతుల వెంట నిలబడి ఏళ్ల తరబడి కొట్లాడారు. మురుగు శుద్ధి చేసే ప్లాంటూ పెట్టారు. అయితే 2007లో స్వీడన్ పరిశోధకులు ఆ ప్లాంటు నుంచి బయటికొచ్చే నీళ్లు పరీక్షిస్తే లీటరులో 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయోటిక్ మందు తేలింది. ఆ మందు వాడే రోగి రక్తంలో ఉండేదానికన్నా అది ఎక్కువ! శుద్ధి అయిన నీళ్లే అలా ఉన్నాయి. అలాంటి చోట మందుకు లొంగని సూక్ష్మజీవులే మిగిలి పెరుగుతాయి.

మట్టిని బాగుచేయలేమా అంటే, చెయ్యొచ్చు. ఆర్సెనిక్‌ను వేళ్లతో లాగి ఆకుల్లో దాచుకునే ఫెర్న్ మొక్క ఒకటుంది. కానీ ఆ ఆకులు కోసి ఎక్కడ పారేస్తాం? పై మట్టి ఎత్తిపోసినా అదే తంటా, నా మడి విషం ఇంకొకడి ఊరికి పోతుంది.

ఇక ఆ కార్డు సంగతి. అందులో 12 పరీక్షలుంటాయి. నత్రజని, భాస్వరం, పొటాష్, జింకు, ఉదజని సూచిక (పీహెచ్) ఇలాంటివి. పంటకు ఏం తక్కువైందో చెప్పడానికి పెట్టిన కార్డు అది. సీసం, క్రోమియం, ఆర్సెనిక్ గడులే అందులో ఉండవు. పైగా సాగునీటి భూముల్లో రెండున్నర హెక్టార్లకు ఒక్క నమూనా తీస్తారు. మనకు తీసింది మెట్ట మీది చెలకలో. వాగు మడి మట్టిని ఎవరూ ముట్టుకోలేదు.

దసరాకు వస్తారుగా. వానలకు ఆ మడి గట్టు మీద పుంటికూర దానంతటదే మొలిచి నవనవలాడుతోంది. చూడ్డానికి బాగుందని కోసుకు రాకండి. ఆకుకూరలు ఇలాంటి లోహాలను గింజలకన్నా ఎక్కువ పీల్చుకుంటాయి. ఇంటి వెనక వేరే రెండు సాళ్లు వేశాను, మీరొచ్చేసరికి కోతకొస్తుంది.

మీ తాత