సైకిల్ కిర్రుమంటే ముందు లెక్కపెట్టండి

సైకిల్ కిర్రుమనగానే ఎవరైనా చేసేది ఒకటే, తల వంచి ఆ శబ్దం ఎక్కడి నుంచి వస్తోందా అని వినడం. చెవిని నమ్ముకుంటే దెబ్బతింటాం. గాలిలో సెకనుకు 340 మీటర్లు పోయే శబ్దం ఉక్కులో 5,000 మీటర్లకు పైనే పోతుంది, పైగా ఫ్రేమ్ అంతా బోలు గొట్టాలే, కాబట్టి సీటు కింద పుట్టిన చప్పుడు పెడల్ దగ్గర వినిపిస్తుంది. నా సైకిల్‌కి సరిగ్గా ఇదే జరిగింది. తొక్కినప్పుడల్లా కిర్రు. షాపులో పెడల్ ఇరుసు బేరింగులు మార్పించాను, కిర్రు పోలేదు. ఒకరోజు ఫ్లైఓవర్ ఎక్కుతూ సీటు మీంచి లేచి నిలబడి తొక్కితే టక్కున ఆగిపోయింది! ఒక్కో కాలు నొక్కినప్పుడల్లా మన బరువు సీటు మీద ఇటూ అటూ మారుతుంది కదా, అందుకే పెడల్ లయలోనే కిర్రుమంటోంది. సీటు గొట్టం బయటికి లాగి, తుడిచి, పల్చగా గ్రీజు రాసి బిగించాను, అంతే.

అసలు కిర్రు ఎలా పుడుతుందంటే, కిర్రుచెప్పుల్లోనూ వయొలిన్ కమానులోనూ జరిగేదే ఇక్కడా జరుగుతుంది. రెండు ఉపరితలాలు ఒకదాన్నొకటి పట్టుకుంటాయి, బలం పెరిగితే జారతాయి, మళ్లీ పట్టుకుంటాయి. ఇది గబగబా జరిగితే మనకు కిర్రు. అందుకే మందులు రెండే: అసలు జారకుండా బిగించడం, లేదా అసలు పట్టుకోకుండా నూనె పెట్టడం. బ్రేకు కీచుమన్నా కారణం ఇదే, కానీ అక్కడ నూనె చుక్క కూడా తగలనివ్వకండి, ప్రాణాల మీదికొస్తుంది. రిమ్ము తుడిచి, బ్రేకు రబ్బరు ముందు అంచు ఒక మిల్లీమీటరు ముందుగా తగిలేలా వంచితే చాలాసార్లు ఆగిపోతుంది.

ఇక లెక్క. శబ్దం ఎప్పుడెప్పుడు వస్తోందో చూడండి. తొక్కడం ఆపినా వస్తుంటే చక్రం, మడ్‌గార్డ్, స్పోకుల వైపు చూడాలి (టిక్ టిక్ మాత్రం ఫ్రీవీల్, అంటే వెనక పళ్లచక్రం, లోపలి కొక్కేలది, అది జబ్బు కాదు). పెడల్ ఒక చుట్టుకి ఒకసారి వస్తే పెడల్, క్రాంక్ (పెడల్‌ని ఇరుసుకు కలిపే కడ్డీ), లేదా నాకు జరిగినట్టు సీటు. అన్నిటికన్నా నాకు ఇష్టమైన ఆధారం చైన్ ఇచ్చేది: ముందు పళ్లచక్రానికి 44 పళ్లు, చైన్‌కి 110 లింకులు అనుకోండి, పెడల్ రెండున్నర చుట్లు తిరిగితేనే చైన్ ఒక చుట్టు పూర్తవుతుంది, అంటే రెండున్నర చుట్లకోసారి టక్కుమంటే ఎక్కడో ఒక లింకు బిగుసుకుపోయినట్టే. పెడల్ మెల్లగా వెనక్కి తిప్పుతూ చూస్తే ఫ్రీవీల్ దగ్గర ఆ లింకు ఎగిరిపడుతూ కనిపిస్తుంది. అటూ ఇటూ వంచి నూనె వేయండి, కొబ్బరినూనె వద్దు, అది 24 డిగ్రీల దగ్గరే గడ్డకట్టడం మొదలుపెడుతుంది. పల్చటి మెషిన్ ఆయిల్ లింకుకో చుక్క వేసి పైపైన తుడిచేయాలి, పైన మిగిలిన నూనెకు దుమ్మే పడుతుంది.

పెడల్ బిగించేటప్పుడు ఒక్కటి గుర్తుంచుకోండి, ఎడమ పెడల్ మర రివర్సులో ఉంటుంది, గడియారం ముల్లుకు ఎదురు తిప్పాలి. పాత సైకిళ్లలో కాటర్ పిన్ (క్రాంక్‌ని ఇరుసుకు బిగించి ఉంచే పిన్ను) వదులైతే నట్టు తిప్పితే సరిపోదు, క్రాంక్ కింద గట్టి ఆధారం పెట్టి, పిన్నుని సుత్తితో లోపలికి దింపి, ఆ తర్వాతే నట్టు బిగించాలి. పిన్ను వదులుగానే ఉంచి తొక్కితే క్రాంక్ రంధ్రమే అరిగిపోతుంది, అప్పుడు పిన్ను మార్చినా నిలబడదు.